యాభై దాటాక రెండొందలు: సి.కె. నాయుడి పనితనం

1945–46 రంజీ ట్రోఫీ ఫైనల్ ఇండోర్‌లో జరిగింది. సొంతగడ్డ మీద ఆడుతున్న జట్టు హోల్కర్, ఎదుటి జట్టు బరోడా. హోల్కర్ కెప్టెన్‌కి అప్పటికి యాభై ఏళ్ళు నిండాయి. ఆ వయసు వాళ్ళు మామూలుగా గట్టు మీద కూర్చుని కుర్రాళ్ళ ఆట చూస్తారు, మహా అయితే అంపైరింగ్ చేస్తారు. ఈయన క్రీజులోకి వెళ్ళి 200 పరుగులు చేసి వచ్చారు. హోల్కర్ 56 పరుగుల తేడాతో గెలిచి మొట్టమొదటిసారి రంజీ ట్రోఫీ అందుకుంది. 207 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడిన ఆ బ్యాట్స్‌మన్ జీవితం మొత్తంలో అత్యధిక స్కోరు ఇదే. తన అన్నిటికన్నా పెద్ద ఇన్నింగ్స్‌ని యాభై దాటాక, అదీ ఫైనల్లో ఆడిన ఆ మనిషి కొఠారి కనకయ్య నాయుడు. దేశం నోట సి.కె. నాయుడు.

ఆయన పేరు చెప్పగానే అందరికీ సిక్సర్లు గుర్తొస్తాయి. వాటి సంగతీ చెప్పుకుందాం, చెప్పుకోవాల్సిందే. కానీ నా దృష్టిలో ఆ సిక్సర్లన్నిటి కంటే ఆ 200 పెద్దది. సిక్సర్ కొట్టడానికి ఒక్క క్షణం చాలు. యాభై ఏళ్ళ వయసులో పెద్ద ఇన్నింగ్స్ ఆడగల కంటినీ, కాళ్ళనీ, ఊపిరినీ నిలుపుకోవడానికి ముప్పై ఏళ్ళ క్రమం తప్పని సాధన కావాలి. మరి ఆ ముప్పై ఏళ్ళూ ఆటగాడు ఏం తిని బతకాలి? సి.కె. పనితనాన్ని మెచ్చుకునేవాళ్ళు ఈ ప్రశ్న దగ్గర సాధారణంగా ఆగరు. నాకు మాత్రం ఆయన కవర్ డ్రైవ్‌ని, ఆయన కొలువుని విడదీసి చూడటం సాధ్యం కాలేదు. నైపుణ్యం పండటానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళు గడవడానికి జీవనాధారం ఉండాలి. సి.కె. జీవితం మొదటినుంచి చివరిదాకా ఈ మాటకి సాక్ష్యం.

బందరు వాళ్ళు సి.కె.ని తమవాడిగానే చెప్పుకుంటారు. కొఠారి వారి మూలాలు మచిలీపట్నంలో ఉన్నాయనీ, తరాల కిందట ఆ కుటుంబం ఉత్తరాదికి తరలిపోయిందనీ పెద్దలు చెప్పే మాట. ఆయన పుట్టింది 1895 అక్టోబర్ 31న, నాగపూర్‌లో, తెలుగు మాట్లాడే ఇంట్లో. కలిగిన కుటుంబం. తాత నారాయణస్వామి నాయుడు పేరున్న వకీలు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవారు. సి.కె. నాగపూర్ హిస్లాప్ కాలేజీలో చదువుకున్నారు. తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా తర్వాతి రోజుల్లో లెగ్‌స్పిన్నర్‌గా దేశానికి ఆడాడు. ఇంట్లో చదువుంది, ఆట మీద గౌరవం ఉంది. కాని ఆటనే బతుకుగా చేసుకునే దారి మాత్రం అప్పటికి మన దేశంలో ఎక్కడా లేదు.

సరిగ్గా అదే 1895లో, సి.కె. పుట్టుకకు రెండు నెలల ముందు, ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో ఆటకీ కూలికీ మధ్య నడుస్తున్న తగువు తెగింది. యార్క్‌షైర్, లాంకషైర్‌లలో రగ్బీ ఆడేవాళ్ళలో చాలామంది బొగ్గుగనుల్లో, నూలుమిల్లుల్లో పనిచేసేవాళ్ళు. మ్యాచ్‌కి వెళితే ఆ పూట జీతంలో కోత. పోయిన జీతమైనా క్లబ్బు ఇప్పించాలని వాళ్ళు అడిగారు. డబ్బు ముట్టుకుంటే ఆట మైలపడుతుందని రగ్బీ పెద్దలు పట్టుబట్టారు. 1893లో ఓటింగు పెడితే 282 మంది వద్దన్నారు, 136 మంది సరేనన్నారు. చివరికి 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని విడిపోయాయి, నార్తర్న్ యూనియన్ పేరుతో కొత్త సంఘం పెట్టుకున్నాయి. పోయిన పనిరోజుకి ఆరు షిల్లింగుల దాకా ఆటగాడికి ఇవ్వచ్చన్నది వాళ్ళ నియమం. నేటి రగ్బీ లీగ్ ఆ చీలికలోనే పుట్టింది. 1906లో హారొల్డ్ వాగ్‌స్టాఫ్ అనే పదిహేనేళ్ళ కుర్రాడు ఐదు బంగారు సావరిన్లు పుచ్చుకుని హడర్స్‌ఫీల్డ్ క్లబ్బులో చేరాడు. 1914లో అతనే దేశం జట్టుకి కెప్టెన్‌గా ఆస్ట్రేలియా వెళ్ళి సిరీస్ గెలుచుకొచ్చాడు. చేతికి అందిన ఆ బంగారం అతని ఆటలో ఒక్క పిసరు కూడా తగ్గించలేదు. పాత రగ్బీ యూనియన్ మాత్రం ఆటగాడికి డబ్బివ్వడానికి ఒప్పుకునేసరికి 1995 వచ్చింది. నూరేళ్ళు పట్టింది.

ఈ లెక్క మా తోట్లవల్లూరు వైపు వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. సంక్రాంతికి కబడ్డీ పోటీలు, టెన్నిస్ బంతి క్రికెట్ టోర్నమెంట్లు జోరుగా సాగే రోజులూ, ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజులూ ఒక్కటే. చెరకు నరికే కుర్రాడు పక్క మండలంలో ఆటకి వెళ్ళాడంటే ఆ రోజు కూలి పోయినట్టే. రెండో రోజు కూడా జట్టు గెలిచి నిలిస్తే రెండో కూలీ పోతుంది. గెలుస్తున్నకొద్దీ ఇంట్లో నష్టం పెరుగుతుంది. ఇరవై రెండేళ్ళకే ఎందరో మంచి ఆటగాళ్ళు ఆట మానేయడానికి ఇదే కారణం. వాళ్ళలో సత్తా తగ్గి కాదు.

ఇప్పుడు సి.కె. దగ్గరికి వద్దాం. 1916లో బొంబాయి క్వాడ్రాంగ్యులర్‌ టోర్నమెంట్‌లో హిందువుల జట్టు తరఫున, యూరోపియన్ల మీద ఆయన మొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడారు. బ్యాటింగ్‌కి వచ్చేసరికి స్కోరు ఏడు వికెట్లకు 79. జట్టు కూలిపోతోంది. కొత్త కుర్రాడు మూడు బంతులు జాగ్రత్తగా ఆపాడు, నాలుగో బంతిని సిక్సర్ కొట్టాడు. ఈ కథ చెప్పేవాళ్ళంతా నాలుగో బంతి దగ్గర చప్పట్లు కొడతారు. నేను మొదటి మూడు బంతుల దగ్గర ఆగుతాను. పిచ్ ఎంత వేగంగా ఉంది, బంతి ఎంత ఎత్తు లేస్తోంది, బౌలర్ చేతిలోంచి ఏ క్షణంలో వదులుతున్నాడు... ఈ మూడూ తెలుసుకోవడానికి ఆయన మూడు బంతులు ఖర్చు పెట్టారు. తెలిసిపోయాక ఇక ఆలస్యం చేయలేదు. ఆ తర్వాత నలభై ఏడేళ్ళు సాగిన జీవితానికి ఆ నాలుగు బంతుల్లోనే నమూనా ఉంది. ముందు కొలత, తర్వాత కోత.

1923లో ఇండోర్ హోల్కర్ మహారాజా ఆయన్ని పిలిపించుకుని తన సైన్యంలో కెప్టెన్‌ హోదా ఇచ్చారు. కల్నల్ హోదా కూడా అక్కడిదే. అందుకే ఇప్పటికీ ఆయన పేరున ఉన్న ట్రోఫీని కల్నల్ సి.కె. నాయుడు ట్రోఫీ అంటారు. అప్పట్లో మన దేశంలో క్లబ్బులు వారం వారం జీతాలిచ్చే ఏర్పాటు లేదు. రాజసంస్థానాలు ఆటగాళ్ళని ఏదో ఒక పదవి పేరుతో దగ్గరుంచుకునేవి. పటియాలా మహారాజా భూపీందర్ సింగ్ ఆస్ట్రేలియాకి చెందిన ఫ్రాంక్ టారంట్‌ లాంటి వృత్తి క్రికెటర్‌నే రప్పించుకున్నారు. ఇంగ్లండ్‌లో డబ్బు తీసుకోకుండా ఆడేవాడు జెంటిల్మన్, తీసుకుని ఆడేవాడు ప్లేయర్. స్కోరుకార్డు మీద ఇద్దరి పేర్లు రాసే పద్ధతి కూడా వేరు. 1962 దాకా అక్కడ ఆ గోడ అలాగే ఉంది. ఇండోర్‌లో సి.కె. బతుకు ఈ రెండు గదుల్లో దేనిలోనూ ఇమడదు. యూనిఫారం సైన్యానిది, ఆయన్ని అక్కడికి రప్పించింది క్రికెట్. పొద్దున్నే మైదానానికి వెళ్ళడానికి ఆయన ఎవరి దగ్గరా సెలవు అడగక్కర్లేదు, ఏ పూట కూలీ పోగొట్టుకోనక్కర్లేదు. మన దేశంలో ఆట మీద బతికిన తొలి తరం వాళ్ళలో ఆయన్ని చేర్చడానికి నాకు ఈ ఒక్క సంగతి చాలు.

ఆ కొలువు మొదలైన మూడేళ్ళకి బొంబాయి జింఖానా ఇన్నింగ్స్ వచ్చింది. 1926–27లో ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ జట్టు మన దేశం వచ్చింది. హిందువుల జట్టుతో మ్యాచ్‌లో ముందు వాళ్ళ గై ఎర్ల్ 130 పరుగులు చేశాడు, ఎనిమిది సిక్సర్లు కొట్టాడు. తెల్లదొరల బలం అంటే అదీ అన్నట్టు సాగింది ఆ ఇన్నింగ్స్. డిసెంబర్ 1న సి.కె. బ్యాట్ పట్టారు. రెండు గంటలు కూడా పట్టలేదు, 153 పరుగులు. అందులో 11 సిక్సర్లు, అంటే 66 పరుగులు బంతి నేలని తాకకుండా గీత దాటినవే. ఆట సాగుతుండగానే కబురు ఊరంతా పాకింది. ఆఫీసులూ కొట్లూ వదిలి జనం మైదానం చుట్టూ చేరారు. ఎంసీసీ వాళ్ళు ఆయనకి వెండి బ్యాట్ బహూకరించారు.

ఆ కొట్టడంలో ఏముందో కాస్త దగ్గరగా చూద్దాం. ఆనాటి బ్యాట్లు ఇప్పటి వాటంత మందంగా ఉండేవి కావు. చివరలు పలచన. మధ్యలో సరిగ్గా తగలకపోతే బంతి ఫీల్డరు చేతుల్లోకే. గీతని లోపలికి జరిపే తాళ్ళు లేవు, మైదానం ఎంతుంటే సరిహద్దు అంత. కాబట్టి ఒట్టి భుజబలంతో 11 సిక్సర్లు రావు. సి.కె. ఆరడుగులు దాటిన సన్నని మనిషి. క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ ఆయన గురించి రాసినప్పుడు మెత్తగా తిరిగే బలమైన మణికట్లనీ, చురుకైన చూపునీ ప్రత్యేకంగా చెప్పింది. ఈ మూడూ కలిసి పనిచేసే తీరే ఆ సిక్సర్ల రహస్యం. పొడుగు మనిషి ముందుకాలు వేస్తే బంతి లేవకముందే దాని దగ్గరికి చేరగలడు. పొడవైన చేతుల వల్ల బ్యాట్ తిరిగే వలయం పెద్దది. వలయం చివర మణికట్టు ఆఖరి క్షణంలో తిరిగితే బ్యాట్‌ కొసకి వచ్చే వేగం భుజాలతో వచ్చేదానికన్నా ఎక్కువ. చూపు చురుగ్గా ఉంటే ఆ ఆఖరి క్షణాన్ని ఇంకాస్త ఆలస్యం చేయొచ్చు. ఆలస్యం చేసినకొద్దీ బంతి ఎటు తిరుగుతోందో నిశ్చయంగా తెలుస్తుంది. చూసేవాళ్ళకి అది తెగింపుగా కనిపించింది. లోపల జరిగింది నిర్ణయాన్ని వీలైనంత వరకు వాయిదా వేసి, తీసుకున్నాక అనుమానం లేకుండా అమలుచేయడం.

బంతిని గాల్లోకి లేపడం ఆ రోజుల్లో పెద్దలు మెచ్చే పని కాదు. నేల మీద కొట్టమని నేర్పేవారు. లేపితే క్యాచ్, క్యాచ్ అయితే తిట్లు. సి.కె. లేపింది చపలత్వంతో కాదు. ఫీల్డర్లు ఒంటి పరుగుల్ని ఆపడానికి దగ్గరగా నిలబడితే వాళ్ళ తలల మీది చోటు ఖాళీ. ఆ ఖాళీని ఆయన పరుగులుగా మార్చారు. తర్వాతి బంతికి ఫీల్డర్లు వెనక్కి జరిగితే ముందు ఖాళీ. బౌలర్ ఆలోచనని తన చేతుల్లోకి తీసుకోవడం అంటే ఇదే. ఆ రెండు గంటల ఆట చూసిన గిలిగన్, భారతదేశం టెస్ట్ క్రికెట్‌కి తగినదన్న నమ్మకంతో ఇంగ్లండ్ తిరిగి వెళ్ళాడు. 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932లో మొదటి టెస్ట్ వచ్చింది.

ఆ 1932 ఇంగ్లండ్ పర్యటన సి.కె. పనితనానికి రెండో పరీక్ష. నిజానికి మొదటిదాని కంటే కష్టమైనది. పర్యటన కెప్టెన్ పోర్‌బందర్ మహారాజా, వైస్‌ కెప్టెన్ లింబ్డి రాజకుటుంబీకుడు ఘనశ్యామ్‌సింహ్‌జీ. ఆట భారం మాత్రం సి.కె. మీద పడింది. ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు 26 జరిగితే 26 ఆడారు. 1,618 పరుగులు, సగటు 40.45. చేత్తో 65 వికెట్లు. లార్డ్స్‌లో ఎంసీసీ మీద అజేయంగా 118. అప్పటికి ఆయన వయసు ముప్పై ఆరు. మే నుంచి సెప్టెంబర్ దాకా ఊరు తర్వాత ఊరు, రైలు తర్వాత రైలు, చలి, వాన, కప్పని పిచ్‌లు. ఒక్క మ్యాచ్ కూడా విశ్రాంతి తీసుకోకుండా బ్యాటింగ్, బౌలింగ్, ఎక్కువ రోజులు నాయకత్వం. మెరుపులా ఆడేవాడు నిలకడగా ఆడలేడన్న మాటకి ఆ వేసవి మొత్తం సమాధానం. 1933లో విజ్డెన్ ప్రకటించిన అయిదుగురు క్రికెటర్లలో ఆయన ఒకరు.

1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత్ తన మొదటి టెస్ట్ మొదలుపెట్టినప్పుడు, ఆ ఇద్దరు రాజవంశీకులూ ఆడకపోవడంతో, కెప్టెన్‌గా మైదానంలోకి దిగింది సి.కె. కాసేపటికే ఇంగ్లండ్ మూడు వికెట్లకు 19. హోమ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ మహమ్మద్ నిసార్ పడగొట్టాడు, వూలీ రనౌట్ అయ్యాడు. ఆ ఉత్సాహం చివరిదాకా నిలవలేదు, 158 పరుగుల తేడాతో ఓడాం. కానీ ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలిన కెప్టెన్, ఆ చేత్తోనే బ్యాట్ పట్టి 40 పరుగులు చేశారు. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్ళలో అదే ఎక్కువ స్కోరు. 1933 డిసెంబర్‌లో బొంబాయి జింఖానా మైదానంలోనే మన గడ్డ మీద మొదటి టెస్ట్ జరిగినప్పుడు లాలా అమర్‌నాథ్ 118 కొట్టి దేశానికి తొలి టెస్ట్ సెంచరీ తెచ్చాడు. ఆ సెంచరీకి అవతలి కొసన నిలబడింది సి.కె. తాను 67 చేసి, ఇద్దరూ కలిసి 186 జోడించారు. ఏడేళ్ళ కిందట అదే మైదానంలో 11 సిక్సర్లు కొట్టిన మనిషి, ఆ రోజు కుర్రాడికి దారి వదిలి తాను తోడుగా నిలిచారు. ఎప్పుడు కొట్టాలో తెలిసినవాళ్ళు చాలామంది. ఎప్పుడు పక్కకి తప్పుకుని నిలవాలో తెలిసినవాళ్ళు తక్కువ.

1936 ఇంగ్లండ్ పర్యటనకి కెప్టెన్ విజయనగరం రాజకుమారుడు విజ్జీ. జట్టు రెండు వర్గాలుగా చీలింది, సి.కె.కి అవమానాలు ఎదురయ్యాయి. ఆ గొడవల కథ చాలాసార్లు రాశారు కాబట్టి దాన్ని దాటి ఓవల్ టెస్ట్‌కి వెళదాం. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ గబ్బీ అలెన్ వేసిన వేగమైన బంతి నేరుగా ఆయన ఒంటికి తగిలింది. నలభై ఏళ్ళ మనిషి తేరుకుని మళ్ళీ నిలబడి 81 చేశారు. మ్యాచ్ ఓడినా ఇన్నింగ్స్ ఓటమి తప్పింది. ఆయన టెస్ట్ జీవితంలో అత్యధిక స్కోరు అదే, ఆఖరి ఇన్నింగ్స్ కూడా అదే.

మొత్తం ఏడు టెస్ట్‌లు, 350 పరుగులు, సగటు 25, తొమ్మిది వికెట్లు. ఈ అంకెలే చూసి సి.కె.ని తూచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1932 నుంచి 1936 దాకా భారత్ ఆడిందే ఏడు టెస్ట్‌లు, ఆ ఏడింటిలోనూ ఆయన ఉన్నారు. మొదటి టెస్ట్ నాటికే ముప్పై ఆరు దాటింది. తన మంచి కాలంలో దేశానికి టెస్ట్ హోదా లేదు. వయసు మీదపడ్డాక వచ్చిన యుద్ధం మిగతా అవకాశాల్ని మింగేసింది. పనివాడి కొలతకి అతని ముందు పెట్టిన పని ఎంతో కూడా చూడాలి. ఆయన అసలు పని ఫస్ట్‌క్లాస్ రికార్డులో ఉంది: 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు.

వికెట్ల సంఖ్య దగ్గర కాస్త ఆగాలి. నాలుగు వందలు దాటిన వికెట్లంటే బౌలర్‌గానే ఒక పూర్తి జీవితం. అతివేగమూ కాదు, గొప్ప స్పిన్నూ కాదు. మధ్యస్థంగా, ఒకేచోట, గంటలకొద్దీ వేసే బౌలింగ్. చూడటానికి వచ్చినవాళ్ళు సిక్సర్ల కోసం వచ్చేవారు. కెప్టెన్‌కి కావలసింది మాత్రం పొద్దువాలేదాకా ఒక కొసని కట్టిపడేసే చెయ్యి. జట్టుకి ఏ రోజు ఏది అవసరమో అది చేసిపెట్టడం వృత్తిగా ఆడేవాడి లక్షణం. ఇష్టమైనది మాత్రమే చేసి వెళ్ళిపోవడం సరదాగా ఆడేవాడికి చెల్లుతుంది.

ఇక ఇండోర్. సి.కె. తన పనితనాన్ని తనతోనే ఆపకుండా ఒక జట్టుగా మలిచింది అక్కడే. ఇండోర్ కుర్రాడు ముస్తాక్ అలీని చిన్నతనంలోనే గుర్తించి తీర్చిదిద్దింది ఆయనే. 1936లో మాంచెస్టర్‌లో 112 చేసి, విదేశీ గడ్డ మీద భారత్ తరఫున టెస్ట్ సెంచరీ కొట్టిన తొలి ఆటగాడయ్యాడు ముస్తాక్. చందు సర్వాటే, హీరాలాల్ గైక్వాడ్, జగ్దాలే, నింబాల్కర్, తమ్ముడు సి.ఎస్. అంతా ఆ జట్టులో పనిచేసినవాళ్ళే. 1944–45 రంజీ ఫైనల్లో బొంబాయి చేతిలో 374 పరుగుల తేడాతో ఓడారు. ఆ ఒక్క మ్యాచ్‌లో సి.ఎస్. నాయుడు 917 బంతులు వేశాడు. హోల్కర్ తరఫున ఇంగ్లండ్ ఆటగాడు డెనిస్ కాంప్టన్ 249 చేసి అజేయంగా నిలిచినా లక్ష్యం అందలేదు. మరుసటి ఏడాదే మైసూర్ మీద సెమీఫైనల్లో హోల్కర్ ఎనిమిది వికెట్లకు 912 చేసింది. ఒకే ఇన్నింగ్స్‌లో ఆరుగురు సెంచరీలు కొట్టారు, ఆ ఆరుగురిలో యాభై ఏళ్ళ కెప్టెన్ ఒకరు. ఆ తర్వాత మ్యాచ్‌లోనే మొదట చెప్పిన 200. ఆ ఏడాదితో మొదలుపెట్టి 1947–48, 1950–51, 1952–53లలో కూడా హోల్కర్ రంజీ ట్రోఫీ గెలిచింది.

ఆయన క్రమశిక్షణ కఠినమని అందరూ ఒప్పుకున్న మాట. నొప్పిని బయటికి చూపించడం ఆయనకి నచ్చదు. 1951–52 ఫైనల్లో బొంబాయి బౌలర్ దత్తూ ఫడ్కర్ వేసిన బౌన్సర్ మూతికి తగిలి రెండు పళ్ళు ఊడిపోయాయి. వయసు యాభై ఆరు. పిచ్ మీద పడిన పళ్ళని పక్కకి తోసి ఆట సాగించారని చెప్పుకుంటారు. దీన్ని ధైర్యం కథగా చెప్పడం సులువు. నాకు ఇందులో ధైర్యం కంటే అలవాటు ఎక్కువ కనిపిస్తుంది. దెబ్బ తగిలాక బ్యాట్స్‌మన్‌ తెలియకుండానే తర్వాతి బంతికి ఒక అంగుళం వెనక్కి జరుగుతాడు. ఆ అంగుళంతో అతని ఆట పోతుంది. లార్డ్స్‌లో చేతి దెబ్బ తర్వాత, ఓవల్లో ఒంటి దెబ్బ తర్వాత, ఇక్కడ నోటి దెబ్బ తర్వాత సి.కె. కాళ్ళు తమ చోటు వదల్లేదు. ఒక్క రోజు తెగింపుతో ఇరవై ఏళ్ళ పొడుగునా మూడుసార్లు ఒకేలా నిలబడలేం. ఒంటికి నేర్పి పెట్టిన పని మాత్రమే అలా నిలుస్తుంది.

ఆయన్ని పోషించిన ఏర్పాటులో లోపం లేదని నేను అనను. రాజు దయ మీద ఆధారపడ్డ బతుకు అది. నార్తర్న్ యూనియన్ ఆటగాడికి నియమంగా రాసిన హక్కు ఉంది, మన ఆటగాడికి ప్రభువు అభిమానం మాత్రమే ఉంది. ఆ అభిమానం అందరికీ అందదు, రేపు ఉంటుందన్న హామీ లేదు. రాజసం జట్టు ఎంపికలోకి వస్తే ఏమవుతుందో 1936 చూపించింది. 1948లో ఇండోర్ సంస్థానం మధ్యభారత్‌లో కలిసిపోయినప్పుడు సి.కె.కి యాభై రెండేళ్ళు. అప్పటికే ఆయన మరో దారి కూడా తెరిచి ఉంచారు. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో కనిపించి, వ్యాపార ప్రకటనలో నటించిన తొలి భారత క్రికెటర్ అయ్యారు. నేడు కోట్లలో నడిచే వ్యవహారానికి అది తొలి అడుగు. తన పేరుకి ఒక విలువ ఉందనీ, ఆ విలువ సంపాదించుకున్నవాడికే దక్కాలనీ గుర్తించిన అడుగు.

సంస్థానం పోయినా ఆట ఆగలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ 1953–54 సీజన్‌లోనే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలోకి మొదటిసారి అడుగుపెట్టింది. ఆ జట్టుకి నాయకత్వం వహించడానికి యాభై ఎనిమిదేళ్ళ సి.కె. వచ్చారు. తాతలనాడు వదిలి వెళ్ళిన నేల పేరు ఛాతీ మీద పెట్టుకుని ఆడారు. ఆంధ్ర జట్టు తొలి కెప్టెన్ ఆయనే అన్న సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది. 1956–57లో అరవై ఒకటో ఏట ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడి అర్ధసెంచరీలు చేశారు. 1963లో నాగపూర్‌లో ఒక సహాయనిధి మ్యాచ్‌తో ఆయన ఫస్ట్‌క్లాస్ జీవితం ముగిసింది. అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. 1916 నుంచి లెక్కిస్తే నలభై ఏడేళ్ళు. మధ్యలో పద్మభూషణ్ వచ్చింది. సెలక్షన్ కమిటీ అధ్యక్షుడిగా పనిచేశారు, రేడియోలో వ్యాఖ్యానం చెప్పారు. కూతురు చంద్ర నాయుడు మన దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నారు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లోనే ఆయన కన్నుమూశారు. 1994 నుంచి బోర్డు జీవితసాఫల్య పురస్కారాన్ని ఆయన పేరుతో ఇస్తోంది.

ఈ జీవితం నుంచి మనం నేర్చుకోవాల్సింది సిక్సర్ కొట్టడం ఒక్కటే అయితే కుర్రాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ళే కొడుతున్నారు. నేర్చుకోవాల్సింది పెద్దవాళ్ళం. పుట్టుకతో వచ్చిన కన్ను, మణికట్టు సి.కె.కి ఇరవై ఏళ్ళకే ఉన్నాయి. అవి ముప్పై ఆరులో ఇంగ్లండ్ వేసవిని తట్టుకునేలా, యాభైలో ఫైనల్‌ని గెలిపించేలా, యాభై ఎనిమిదిలో ఒక కొత్త రాష్ట్రం జట్టుని నడిపించేలా ఎదిగాయంటే కారణం రోజూ మైదానానికి వెళ్ళగలిగిన తీరిక. ఆ తీరికని ఎవరో ఒకరు భరించారు. హడర్స్‌ఫీల్డ్‌లో క్లబ్బులు భరించాయి, ఇండోర్‌లో మహారాజా భరించారు. కృష్ణ ఒడ్డున, లంకల్లో, తోట్లవల్లూరు, ఉయ్యూరు, పామర్రు చుట్టుపక్కల ఊళ్ళలో అలాంటి కన్ను, అలాంటి మణికట్టు ఉన్న కుర్రాళ్ళు ఇప్పుడూ ఉన్నారు. మన టోర్నమెంట్లకి దాతలు ఉన్నారు, కప్పులు ఉన్నాయి, ఫ్లెక్సీలు ఉన్నాయి. కప్పు ఒక సైజు తగ్గించి, ఫ్లెక్సీలు రెండు మానేసి, ఆ డబ్బుతో రోజుకూలీ మీద బతికే ఆటగాడికి పోయిన కూలి కట్టివ్వండి. ఆటకి డబ్బు ముడితే చెడిపోతుందన్న మాట నూటముప్పై ఏళ్ళ కిందటే తప్పని తేలింది. ఆటగాడి ఇంట్లో పొయ్యి వెలిగితే అతని ఆట ఎన్నేళ్ళు సాగుతుందో, ఎంత ఎత్తుకి ఎదుగుతుందో సి.కె. నాయుడు నలభై ఏడేళ్ళు ఆడి చూపించారు.